మా తాత మాలీసు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందుగా మా తాత గుర్తుకొచ్చాడు. కామవరపుకోటలో చదువుకున్న రోజుల్లో నేను ఎవరికీ చెప్పకుండా దాచిన మనిషి ఆయన.

తాత వయసులో ఉండగా ఏలూరులో జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక బేరాలు పడిపోయి, బండి అమ్మేసి మా ఊరు వచ్చేశాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చే ఒకాయన దగ్గర పనికి కుదిరాడు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నన్ను చూడ్డానికి హాస్టల్‌కి వచ్చాడు. చొక్కా నిండా గుర్రం వాసన. "ఎవర్రా ఆయన?" అని స్నేహితుడు అడిగితే, "మా ఊరాయన" అన్నాను. తాత విన్నాడు. ఏమీ అనకుండా జంతికల పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

సెలవుల్లో ఆయన పని చూసేవాణ్ణి. బ్యాండు మోతలో, టపాసుల మధ్య, తారురోడ్డు మీద గంటల తరబడి నిలబడిన గుర్రం అర్ధరాత్రి తిరిగొచ్చేది. మెడ కర్రలా బిగుసుకుపోయి ఉండేది. తాత దాన్ని కాసేపు నెమ్మదిగా నడిపించి, జీను తీసి, నీళ్లు పెట్టి, వరిగడ్డి చుట్టతో చెమట తుడిచేవాడు. ఆ తరువాత మాలీసు. చెవుల వెనక నుంచి మెడ మీదుగా జబ్బ దాకా అరచేతిని మెల్లగా జరిపేవాడు. కండ గట్టిగా తగిలిన చోట చెయ్యి ఆపి ఊరుకునేవాడు. కొంతసేపటికి గుర్రం తల దించి, కళ్లు అరమోడ్చి, పెదాలు నాక్కుని, పెద్దగా ఆవులించేది. "వదిలింది" అనేవాడు తాత.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. ఒకరోజు క్లాసులో గుర్రం అస్థిపంజరం గురించి పాఠం జరిగింది. గుర్రానికి మనలాగా జత్రుక, అంటే కాలర్ ఎముక, ఉండదు. ముంగాళ్లను మొండేనికి ఎముకల కీలు ఏదీ కలపదు. ఆ రెండు కాళ్ల మధ్య కండరాలే ఛాతీని ఉయ్యాలలా మోస్తాయి. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముంగాళ్ల మీదే పడుతుంది. జబ్బ దగ్గర కండలు బిగుసుకుంటే అడుగు కురచవుతుంది. విదేశాల్లో ఈ కండల బిగువు సడలించడం నేర్చుకుని, అదే వృత్తిగా బతుకుతున్నవాళ్లున్నారు. తాత చెయ్యి ఎప్పుడూ అక్కడే ఎందుకు ఆగేదో నాకు ఆ రోజు తెలిసింది.

ఆ సంక్రాంతికి ఇంటికి వెళ్లి, "తాతా, నాకు మాలీసు నేర్పు" అన్నాను. ఆయన నవ్వి గుర్రం దగ్గరికి తీసుకెళ్లాడు. నేను గట్టిగా నొక్కితే అది పక్కకు జరిగిపోయింది.

"బలం చూపించకురా. బలంలో అదే గెలుస్తది. చెయ్యి తేలిగ్గా పెట్టి ఊరుకో, అదే వదులుద్ది. వాపున్నా, కుంటుతున్నా, చేతికి వేడి తగిలినా మాత్రం ముట్టుకోకు. పశువుల డాక్టర్ని పిలువు" అన్నాడు.

చాలాసేపటికి నా చేతి కింద కండ మెత్తబడింది. గుర్రం ఆవులించింది. అప్పుడు ధైర్యం చేసి, "తాతా, ఆ రోజు హాస్టల్లో నేను..." అన్నాను.

"రెండో పక్క ఇంకా అవలేదు. ఇటు రా" అన్నాడు తాత.

తమ్ముళ్లారా, ఆదివారం మీకోసం ఎవరొచ్చినా గేటు దాకా ఎదురెళ్లండి. ఎవరని అడిగితే వరస కలిపి గట్టిగా చెప్పండి. నేను ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది: ఆయన మా తాత.