దారి దూరం

2019 మే నెలలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ చివరి సీజన్ విందు సన్నివేశంలో, డ్రాగన్ల రాణి డెనేరిస్ ముందు ఎవరో మరిచిపోయిన కాఫీ కప్పు కనబడింది. లోకమంతా నవ్వుకుంది. నాకు ఆ కప్పు మీద కోపం లేదు. నా బెంగంతా దారుల గురించే.

మొదట్లో రాబర్ట్ రాజు వింటర్‌ఫెల్ చేరడానికి నెల పట్టింది. ఆ విసుగంతా రాణి సెర్సీ ముఖంలో కనిపించేది. ఉత్తరాన ఉన్న మంచు గోడ చూసి తిరిగొస్తున్న ఆమె తమ్ముడు టిరియన్, దారిలోని సత్రంలో వింటర్‌ఫెల్ దొరసాని కేట్లిన్ కంటబడి బందీ అయ్యాడు. దాంతో రెండు వంశాల మధ్య పగ భగ్గుమంది. కథలో సగం దారిలోనే పుట్టేది. ఏడో సీజన్‌కి వచ్చేసరికి, గోడ అవతల చిక్కుకున్నవాళ్ల కబురు అందడం, డ్రాగన్ ఎక్కి డెనేరిస్ రావడం చిటికెలో అయిపోయాయి.

ఈ కథకి మూలమైన నవలలు రాసిన మార్టిన్ ఐదో నవల 2011లో వచ్చింది. ఆరోది రాకముందే సీరియల్ ఆయన్ని దాటిపోయింది. పదేసి భాగాల సీజన్లు చివరికి ఏడుకీ, ఆరుకీ కుదించుకుపోయాయి.

చివర్లో డెనేరిస్ రాజధాని నగరాన్ని తగలబెట్టడం సబబేనా అని అభిమానులు ఇంకా వాదించుకుంటారు. సీజన్ మళ్లీ తీయమని పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. (తీస్తారని నమ్మినవాళ్లు ఎందరో!) ఆమె అలా మారకూడదని నేననను. ఏళ్ల తరబడి పక్కన నడిపించి, ఆ ఆఖరి కోసు మాత్రం మనల్ని రానివ్వలేదే అనిపిస్తుంది. ఇప్పటికీ అప్పుడప్పుడు మొదటి సీజన్ పెట్టుకుంటాను, గుర్రాలు నింపాదిగా నడుస్తుంటే చూడ్డానికి.