పికప్ బండికి ట్యూనింగ్ డబ్బా: కొనే ముందు మనం తెలుసుకోవాల్సినవి



ఈసారి చదువుల గురించి కాకుండా బండి గురించి రాస్తున్నాం. పోస్ట్ పెద్దదే, ఓపిగ్గా చదవండి. పాడేరు, చింతపల్లి, అరకు వైపు కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్‌మా సంతకి దిగాలన్నా, కిరాణా సరుకు, సిమెంటు కొండ మీదకి ఎక్కాలన్నా ఇప్పుడు పికప్ బండే దిక్కు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఫైనాన్స్‌లో బొలెరో పికప్ తీసుకున్న మన కుర్రాళ్ళు ప్రతి మండలంలో ఉన్నారు. ఆ కిస్తీ పోగా మిగిలిన దాంట్లోనే తమ్ముడి ఫీజు, ఇంట్లో వాళ్ళ మందులు. బండి నెల రోజులు షెడ్డులో ఉంటే ఆ ఇల్లు నడవదు.

అలాంటి అన్నలు ఈమధ్య మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "బండికి బాక్స్ పెట్టిస్తే ఘాట్‌లో బాగా లాగుద్దంట, మైలేజీ కూడా పెరుగుద్దంట, నిజమేనా?" మాలో ఇద్దరం మెకానికల్ డిప్లొమా, ఒకరు ఐటీఐ డీజిల్ మెకానిక్, ఇంకొకరి ఇంట్లో బావ పికప్ నడుపుతాడు. అందరం కలిసి షాపుల్లో అడిగాం, పాత మెకానిక్‌ల దగ్గర కూర్చున్నాం, చదివాం. మాకు అర్థమైంది రాస్తున్నాం.

అసలు ఈ డబ్బా ఏం చేస్తుంది?

ఇప్పటి డీజిల్ బండిలో ఎంత డీజిల్ కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి, ఎంత ప్రెషర్‌తో కొట్టాలి అనేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. సెన్సార్లు దానికి సమాచారం ఇస్తాయి, అది నాజిళ్ళకి ఆర్డర్ ఇస్తుంది. ట్యూనింగ్ అంటే ఈ ఆర్డర్‌ని మార్చడమే. డీజిల్ ఎక్కువ కొట్టించి, టర్బో గాలి కొంచెం పెంచితే బలం పెరుగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. టర్బో ఉన్న డీజిల్ ఇంజన్‌లో ఇలా బలం పెంచడం నిజంగానే సాధ్యం. అందుకే ఈ వ్యాపారం నడుస్తోంది. కానీ "ట్యూనింగ్" అనే ఒక్క పేరుతో నాలుగైదు రకాల వస్తువులు అమ్ముతున్నారు. తేడా తెలియకపోతే మోసపోతాం.

1. ఓబీడీ సాకెట్‌లో గుచ్చే "ఫ్యూయల్ సేవర్": ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. ఇలాంటివి విప్పి చూసినవాళ్ళకి లోపల లైట్లు వెలిగించే చిన్న సర్క్యూట్ తప్ప ఏమీ కనబడలేదు. లైటు మెరుస్తుంది, డీజిల్ మాత్రం తగ్గదు. దీన్ని అసలు కొనొద్దు.

2. పెడల్ బాక్స్: యాక్సిలరేటర్ పెడల్ వైరుకి తగిలిస్తారు. మనం పావు వంతు తొక్కితే సగం తొక్కినట్టు ఈసీయూకి చెప్తుంది. బండి చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఇంజన్ బలం ఒక్క పిసరు కూడా పెరగదు. పూర్తిగా తొక్కితే ముందు ఎంతో ఇప్పుడూ అంతే. లోడుతో ఘాట్ ఎక్కే బండికి దీంతో పని లేదు.

3. ట్యూనింగ్ బాక్స్: షాపుల్లో "బాక్స్" అంటే ఎక్కువగా ఇదే. డీజిల్ రైల్ ప్రెషర్ సెన్సార్‌కీ ఈసీయూకీ మధ్యలో కూర్చుని, ప్రెషర్ తక్కువగా ఉందని అబద్ధం చెప్తుంది. ఈసీయూ నమ్మి ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. తీసేస్తే బండి మళ్ళీ మామూలే. మంచి బాక్సులు ఒకటి కంటే ఎక్కువ సెన్సార్లు చూసుకుని పని చేస్తాయి. చవక బాక్సుల్లో ఒక రెసిస్టర్ మాత్రమే ఉంటుంది, లోడు ఉన్నా లేకున్నా ఒకేలా అబద్ధం చెప్తూనే ఉంటుంది.

4. రీమ్యాప్: ల్యాప్‌టాప్ పెట్టి ఈసీయూలో ఉన్న ప్రోగ్రామే మార్చేస్తారు. డీజిల్, టైమింగ్, టర్బో అన్నీ కలిపి సరిచేయొచ్చు కాబట్టి తెలిసినవాడు చేస్తే బాక్స్ కంటే మెరుగు. తెలియనివాడు చేస్తే అంతకంటే ప్రమాదం. చాలా బండ్లలో మార్చిన గుర్తు ఈసీయూలో మిగిలిపోతుంది, కంపెనీ సర్వీసు సెంటర్ స్కానర్‌లో కనబడుతుంది. వారంటీ అక్కడితో ఆఖరు.

వీడియోల్లో బండి వేరు, మన బండి వేరు

మన కుర్రాళ్ళు యూట్యూబ్‌లో చూసేవి ఎక్కువగా అమెరికా పికప్ ట్రక్కులు. అక్కడ ఫోర్డ్, షెవర్లే, ర్యామ్ డీజిల్ పికప్‌లలో 6.6, 6.7 లీటర్ల ఇంజన్లు ఉంటాయి. 2019 ర్యామ్‌లో వచ్చిన 6.7 లీటర్ల కమిన్స్ ఇంజన్ పెద్ద మోడల్ 400 హార్స్‌పవర్, 1350 న్యూటన్ మీటర్లకు పైగా టార్క్ ఇస్తుంది. మన బొలెరో పికప్‌ది సుమారు రెండున్నర లీటర్ల ఇంజన్, 75 హార్స్‌పవర్ దరిదాపు, 200 న్యూటన్ మీటర్ల టార్క్. వాళ్ళ ఇంజన్, గేర్‌బాక్స్ తట్టుకునేది మన బండి తట్టుకుంటుందని లెక్క వేసుకోకూడదు.

ఇంకో సంగతి. ఈ ట్యూనర్లకు పుట్టిల్లు లాంటి అమెరికాలోనే వీటితో పెద్ద గొడవ జరిగింది. చాలామంది ట్యూనర్ పెట్టి, పొగ శుభ్రం చేసే డీపీఎఫ్, ఈజీఆర్ లాంటివి పీకేశారు. 2009 నుంచి 2019 మధ్య 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో ఇలా తీసేశారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. అమ్మిన కంపెనీలకి భారీగా జరిమానాలు పడ్డాయి. అక్కడ తెలిసినవాళ్ళు ట్యూనర్ కొనేటప్పుడు కాలిఫోర్నియా గాలి బోర్డు అనుమతి నంబరు ఉందా లేదా చూసుకుని కొంటారు. మేము షాపుల్లో చూసిన ఏ బాక్స్ మీదా అలాంటి నంబరు లేదు.

హార్స్‌పవరా, టార్కా?

షాపువాడు "20 హార్స్‌పవర్ పెరుగుద్ది" అంటాడు. అప్పుడు మనం అడగాల్సింది "ఎన్ని ఆర్‌పీఎం దగ్గర?" అని. ఘాట్‌లో లోడుతో రెండో గేరులో ఎక్కేటప్పుడు ఇంజన్ 1500 నుంచి 2200 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. అక్కడ కావాల్సింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. న్యూటన్ మీటర్లని ఆర్‌పీఎంతో గుణించి సుమారు 7,120తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 200 న్యూటన్ మీటర్లు, 2000 ఆర్‌పీఎం అయితే 56 హార్స్‌పవర్. అంటే ఘాట్‌లో మన బండి వాడేది ఆ 56 మాత్రమే. 3500 ఆర్‌పీఎం దగ్గర పెరిగే 20 హార్స్‌పవర్ హైవే మీద పనికొస్తుందేమో గానీ, మన మలుపుల్లో ఎందుకు?

కింద ఆర్‌పీఎంలో టార్క్ బాగా పెంచితే మొదట దెబ్బ తినేది క్లచ్ ప్లేటు. ఆ తర్వాత వేడి. డీజిల్ ఎక్కువ పడి, దానికి సరిపడా గాలి లేకపోతే నల్ల పొగ వస్తుంది, సైలెన్సర్ వైపు వెళ్ళే గాలి బాగా వేడెక్కుతుంది. పిస్టన్లు అల్యూమినియంతో చేస్తారు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లబరుస్తుంది కాబట్టి పిస్టన్ నిలబడుతోంది. అరగంట సేపు ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కే బండికి ఆ హద్దు దాటించడం చిన్న విషయం కాదు. అమెరికాలో లోడు లాగేవాళ్ళు ట్యూనర్‌తో పాటు సైలెన్సర్ గాలి వేడి చూపించే మీటరు కూడా పెట్టుకుంటారు. మనకి బాక్స్ అమ్మేవాడు ఆ మీటరు ఊసే ఎత్తడు.

మైలేజీ లెక్క

ఒక షాపులో మాకు చెప్పిన ధర 18 వేలు. లీటరుకి ఒక కిలోమీటరు పెరుగుతుందన్నారు. లెక్క వేద్దాం. నెలకి 1500 కిలోమీటర్లు తిరిగే బండి, లీటరుకి 12 ఇస్తే 125 లీటర్లు. 13 ఇస్తే 115 లీటర్ల పైచిలుకు. మిగిలేది తొమ్మిదిన్నర లీటర్లు. డీజిల్ 97 రూపాయలు అనుకుంటే నెలకి 930 రూపాయలు. 18 వేలు తిరిగి రావాలంటే 19 నెలలు పైనే. అదీ ఆ కిలోమీటరు నిజంగా పెరిగితేనే. డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీని మాత్రం నమ్మొద్దు. ప్రెషర్ సెన్సార్‌కి అబద్ధం చెప్పే బాక్స్ పెట్టాక ఈసీయూ తక్కువ డీజిల్ కొట్టాననే అనుకుంటుంది, ఆ తప్పు లెక్కే మనకి చూపిస్తుంది. ఒకే బంకులో ట్యాంకు ఫుల్ కొట్టించి, ఒకే రూటు, ఒకే లోడు, మూడుసార్లు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

బండి లాగట్లేదంటే ముందు ఇవి చూడండి

మా బావ బండి విషయంలో జరిగింది చెప్తాం. ఘాట్‌లో బండి ఈడ్చుకుంటూ వెళ్తోందని ఒక షాపుకి తీసుకెళ్తే, బానెట్ కూడా ఎత్తకుండానే బాక్స్ పెట్టించుకోమన్నారు. ఊరికొచ్చాక పాత మెకానిక్ మామ ఒకాయన చూశారు. టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్ళే గాలి పైపు క్లిప్పు దగ్గర చీలింది. ఎయిర్ ఫిల్టర్ ఎర్ర మట్టితో నిండిపోయింది. పైపు, ఫిల్టరు మారిస్తే రెండు వేలు కూడా కాలేదు, బండి ఎప్పటిలా ఎక్కింది. ఆ చీలిన పైపుతోనే బాక్స్ పెట్టి ఉంటే? గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. ఇంజన్ పోయేది.

కాబట్టి ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి ఈ వరసలో చూడండి:

- టైర్లలో గాలి, ఏదైనా చక్రానికి బ్రేకు పట్టేసి ఉందా
- ఎయిర్ ఫిల్టర్ (మన మట్టి రోడ్లకి కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి)
- డీజిల్ ఫిల్టర్, అందులో నీళ్ళు
- టర్బో పైపులు, క్లిప్పులు
- క్లచ్ జారుతోందా (రేజ్ పెరిగి స్పీడు పెరగకపోతే అదే)
- ఈజీఆర్‌లో మసి, బీఎస్-6 బండికి డీపీఎఫ్ నిండిందా
- చివరగా నాజిళ్ళు, టర్బో

ఇవన్నీ బాగుండి కూడా లాగట్లేదంటే, అసలు ఎంత లోడు వేస్తున్నామో చూసుకోవాలి. దానికి ఏ బాక్స్ కూడా మందు కాదు.

చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనరుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ హద్దు దాటితే సెక్షన్ 190 కింద 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సుకి కూడా ఇబ్బంది. ఇక ఓవర్‌లోడుకి 20,000, పైన టన్నుకి 2,000 చొప్పున వేరే. చెప్పకుండా ఇంజన్ మార్పులు చేసిన బండికి యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టడానికి దారి మనమే ఇచ్చినట్టు. ఎవరైనా "డీపీఎఫ్ తీసేస్తాం, బండి ఎగురుద్ది" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది

బాక్స్ పెంచేది ఎక్కే బలాన్నే, బ్రేకు మాత్రం పాతదే. బాగా లాగుతోంది కదా అని ఇంకో నాలుగు బస్తాలు వేస్తాం. ఎక్కేస్తుంది. దిగేటప్పుడు ఆ బస్తాల బరువంతా పాత బ్రేకు మీదే. స్పీడు 40 నుంచి 50కి పెరిగితే బ్రేకు ఆపాల్సిన శక్తి సగానికి పైగా, 56 శాతం పెరుగుతుంది. సంత రోజు ఆ బస్తాల మీద కూర్చునేది మన అమ్మలు, పిన్నులు, బడి పిల్లలు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని అందరికీ తెలుసు, కానీ బస్సు రాని ఊళ్ళకి వేరే దారి లేక ఎక్కుతున్నారు. అలాంటి చోట బండి బలం గురించి ఆలోచించే ముందు బ్రేకు లైనింగులు, బ్రేకు ఆయిల్ గురించి ఆలోచించాలి. 18 వేలు చేతిలో ఉంటే మా ఓటు బ్రేకులకి, టైర్లకే.

ఇంత చెప్పినా పెట్టించుకుంటామంటే

వారంటీ అయిపోయి, ఇంజన్ ఆరోగ్యంగా ఉండి, చట్టం సంగతి తెలిసే దిగేవాళ్ళు ఈ ప్రశ్నలు అడగండి. ఇది మా ఇంజన్ కోసమే చేసిందా, అన్ని బండ్లకీ ఒకటేనా? ఏ సెన్సార్లు మారుస్తుంది? డైనో మీద ముందు, తర్వాత గ్రాఫు చూపిస్తారా? లోడు బండికి టార్క్ హద్దు ఎక్కడ పెట్టారు? పాత ప్రోగ్రాం కాపీ మాకిస్తారా? జీఎస్టీ బిల్లు, రాతపూర్వక గ్యారంటీ ఇస్తారా? వీటిలో రెండింటికి సరైన జవాబు రాకపోయినా వద్దనుకోండి.

ఇక చదువుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. మన మండలాల్లో స్కానర్ పెట్టి ఈసీయూ చదివే మెకానిక్‌లు చాలా తక్కువ. చిన్న లోపానికి కూడా బండ్లు నర్సీపట్నం, విశాఖ దిగుతున్నాయి. ఐటీఐలో మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్ళ కోర్సు. అవి చేసినవాళ్ళు స్కానర్ పని కూడా నేర్చుకుంటే ఊరి దగ్గరే పని దొరుకుతుంది, మన వాళ్ళ డబ్బూ మన దగ్గరే ఉంటుంది.

మీ ఊళ్ళో పికప్ నడిపే అన్నలు అందరూ ఇంత పెద్ద పోస్ట్ చదవరు. వాళ్ళకి మీ ఇంటి భాషలో, మీ మాటల్లో చెప్పండి. బాక్స్ పెట్టించిన వాళ్ళు ఉంటే మైలేజీ, క్లచ్, పొగ ఎలా ఉన్నాయో కింద రాయండి, మంచైనా చెడైనా. బండి సమస్య ఉంటే మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ గేరులో లాగట్లేదో రాయండి. మాకు తెలిసినంత చెప్తాం, తెలియకపోతే మెకానిక్ మామని అడిగి చెప్తాం.