చేతికందే ఎత్తు

ఇంట్లో వంటగదికున్నంత పని మరే గదికీ లేదు. తెల్లవారుజామున పాలు కాచినది మొదలు రాత్రి గిన్నెలు సర్దేవరకు అది మేలుకొనే ఉంటుంది. అక్కడ వస్తువులను అమర్చుకొనే విద్య మన పూర్వులకు బాగా తెలుసు. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా ఉట్టిమీద, పండుగలకు మాత్రమే దించే గంగాళాలు అటకమీద, ఉప్పూ చింతపండూ పొయ్యికి దగ్గరగా గోడగూట్లో ఉండేవి. రోజూ కావలసినది చేతి దగ్గర, ఎప్పుడో కావలసినది ఎత్తున అనేదే ఆ అమరికలోని సూత్రం. ఇప్పటి ఇళ్లలో గూళ్లు పోయి అరలు వచ్చాయి. ఆ అరల ఎత్తు మాత్రం ఇల్లు కట్టినవారి ఇష్టం.

మా ఇంట్లో పప్పుల డబ్బాల అర నేలనుండి ఆరున్నర అడుగుల ఎత్తున ఉంది. మా అమ్మ ఎత్తు ఐదడుగులు, వయస్సు 68 ఏళ్లు. చాలాకాలం ఆమె పీట వేసుకొని డబ్బాలు దించుకొనేది. రెండేళ్ల కిందట కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పైకెత్తవద్దనీ, పీటలెక్కవద్దనీ వైద్యుడు చెప్పాడు. నాటినుండి కందిపప్పు కావాలన్నా, ఆవాలు కావాలన్నా ఆమె ఎవరో ఒకరిని పిలవవలసి వచ్చేది. నలభై ఐదేళ్లు వంటింటిని ఏలిన మనిషికి ఆవగింజల కోసం ఇతరులను అడగవలసి రావడం చిన్న విషయం కాదు. క్రమంగా పిలవడం మానేసింది. తరువాత వంటింట్లోకి రావడమే తగ్గించింది. కారణమడిగితే, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా నాయనా! అర అందనిదానికి వంటెందుకు?" అని నవ్వింది. ఆ నవ్వులో మేమెవరమూ పాలుపంచుకోలేకపోయాం.

బజారులో దొరికే ప్లాస్టిక్ అర ఒకటి తగిలించమని ఇరుగుపొరుగు సలహా ఇచ్చారు. అది చెంచాలను మోస్తుంది గాని రెండు కిలోల కందిపప్పు డబ్బాను మోయదు. అందుచేత నేనే ఒక గోడ అర చేయడానికి పూనుకొని, పనిముట్ల కోసం మా వీధి వడ్రంగి మేస్త్రీ దగ్గరకు వెళ్లాను. ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఎవరు వాడతారు మాస్టారూ?" అని. "ముందు ఆ మనిషి కొలత తీయండి. గోడ ఎక్కడికీ పోదు" అంటూ రంపమూ, మూలమట్టమూ చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మను గోడ పక్కన నిలబెట్టి, నొప్పి లేకుండా చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూసి సుద్దముక్కతో గీత గీశాం. నేలనుండి నాలుగడుగుల రెండంగుళాలు. నా భార్య అమ్మకంటే అరడుగు పొడవు. నిత్యం అక్కడ పనిచేసేది ఆమే గనుక ఆమె అభిప్రాయం అడిగాను. "నేను కొంచెం వంగగలను. అత్తయ్యగారు చెయ్యి ఎత్తలేరు. ఆ గీతే ఉంచండి" అంది. చర్చ అంతటితో ముగిసింది.

వంటింటిని మనిషి శ్రమతో కొలిచినవారు చరిత్రలో ఉన్నారు. 1926లో ఆస్ట్రియాకు చెందిన మార్గరేటె షూటె-లిహోట్‌స్కీ అనే మహిళా వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్తగా కడుతున్న ఇళ్ల కోసం ఒక చిన్న వంటగదిని రూపొందించింది. దాని వెడల్పు సుమారు రెండు మీటర్లు, పొడవు సుమారు మూడున్నర మీటర్లు. వంట చేసేవారు వృథాగా నడవకుండా, అలసిపోకుండా పొయ్యికీ, తొట్టికీ, బల్లకూ స్థానాలు నిర్ణయించింది. పిండి, బియ్యం, చక్కెర వంటి సరకులకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు అమర్చింది. ఆ నగరంలో దాదాపు పదివేల ఇళ్లలో ఆ వంటగది వెలసింది. ఆమె ఆలోచనా, మా మేస్త్రీ మాటా ఒక్క దారివే.

మా అరకు నీటిని తట్టుకునే రకం ప్లైవుడ్డు, 18 మిల్లీమీటర్ల మందం గలది తీసుకున్నాం. వెడల్పు మూడడుగులు, ఎత్తు రెండడుగులు, లోతు ఆరంగుళాలే. లోతు తక్కువైతే ఒక్క వరుసే పడుతుంది. ఏ డబ్బా మరొకదాని వెనుక దాగదు. మరలు బిగించేముందు వాటికంటే సన్నని రంధ్రాలు చేశాం. అందువల్ల చెక్క చీలదు. స్విచ్చిబోర్డునుండి విద్యుత్తు తీగలు పోయే దారిని తప్పించి, మరలు పైపూతలో ఆగిపోకుండా ఇటుకలోకి దిగేలా గోడకు రంధ్రాలు వేశాం. రసమట్టం పెట్టి, పైపలక సరిగ్గా సుద్దగీతకు వచ్చేలా చూసుకున్నాం. కుడిపక్క పలకకు గరిటె, అట్లకాడ, పప్పుగుత్తి వేలాడదీయడానికి మూడు కొక్కేలు బిగించాలనుకున్నాం.

గోడకు తగిలించేముందే రంగు వేయాలి. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి తెలుపు కావాలంది. "తెలుపుమీద పసుపు మరక పోదు తల్లీ! ముదురు రంగుమీద బొద్దింక కనబడదు" అని నాయనమ్మ తీర్పు చెప్పింది. చివరకు చిలకపచ్చ నిశ్చయమైంది. రంగు కొనేటప్పుడు డబ్బామీది అక్షరాలు చదవడం అవసరం. సీసం కలిసిన రంగు పిల్లల మెదడుకు చేటు. 2016లో కేంద్రప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదు. ఆ నిబంధన 2017 నవంబరు 1నుండి అమలులోకి వచ్చింది. చెక్కను ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, ఆరిన తరువాత మళ్లీ రుద్ది, రెండు పూతలు వేశాం. ఆవిరికి చెక్క ఉబ్బకుండా వెనుకవైపునూ, అంచులనూ వదలలేదు. రంగు వాసన పూర్తిగా పోయేవరకు వసారాలో ఆరనిచ్చాం.

అర గోడకెక్కిన నాడు అమ్మ డబ్బాలన్నిటినీ తనే సర్దింది. పోపుల పెట్టె మధ్య అరలో పెట్టింది. ఎవరూ అడగకుండానే ఆ రాత్రి చారు కాచింది. ఇప్పుడు ఆవాల కోసం ఆమె ఎవరినీ పిలవడం లేదు. ఏ డబ్బా ఎక్కడుందో తెలియక మేమే ఆమెను పిలుస్తున్నాం.

అందుకోవడానికి అందరికంటే ఎక్కువ కష్టపడేవారి కొలతకు చేసిన వస్తువు తక్కినవారందరికీ అందుతుంది. బస్సు మెట్టుకైనా, కుళాయికైనా, బడిలోని నల్లబల్లకైనా ఇదే వర్తిస్తుంది. మీ ఇంట్లో ఏ వస్తువు ఎవరికి అందడం లేదో ఒకసారి అడిగి చూడండి. కొలతబద్ద ఆ తరువాత తీయవచ్చు.