రెండేళ్ల చుట్టం

శంషాబాద్ విమానాశ్రయం. అర్ధరాత్రి దాటింది. హన్మకొండ నుంచి రెండు కార్లలో వచ్చిన కుటుంబం గేటు దగ్గర నిలబడి ఉంటుంది. పిల్లాడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్తున్నాడు. 'ఆవకాయ సీసా మూత మళ్లీ ఓసారి చూసుకో', 'దిగగానే ఫోన్ చెయ్'... అమ్మ చెప్పిందే చెబుతుంటుంది. నాన్న మాట్లాడడు. బరువు ఎక్కువైందేమోనన్న వంకతో పెట్టె వైపే చూస్తుంటాడు.

వరంగల్‌లో ఇలాంటి వీడ్కోలు తెలియని వీధి ఉండదేమో! తెలియనిది ఇంకొకటుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మరో తల్లి కూడా ఇలాగే కొడుకును సాగనంపుతుంటుంది. అతను మన పిల్లాడి కంటే మూడు నాలుగేళ్లు చిన్న. వెళ్లేది చదువుకు కాదు, ఉద్యోగానికీ కాదు. జీతం ఉండదు, పైగా ఎదురు డబ్బు కట్టాలి. ఏ దేశం వెళ్లాలో తేల్చేది అతను కాదు, చర్చి. అతనో మోర్మన్ మిషనరీ.

పద్దెనిమిదేళ్ల 'పెద్ద'

1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన మతశాఖ ఇది. పూర్తి పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము'. మోర్మన్లు అనకుండా ఆ పేరుతోనే పిలవమని 2018 నుంచి చర్చి గట్టిగా కోరుతోంది. ప్రధాన కేంద్రం సాల్ట్‌లేక్ సిటీ. ప్రపంచం మొత్తమ్మీద 70 వేల మందికి పైగా మిషనరీలు ఈ చర్చి తరఫున పనిచేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్లే.

ఒకప్పుడు అబ్బాయిలు 19 ఏళ్లకు, అమ్మాయిలు 21 ఏళ్లకు వెళ్లేవారు. 2012లో ఆ వయసుల్ని 18కి, 19కి తగ్గించారు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. అమెరికా కుర్రాడైతే ఖర్చుల కోసం నెలకు 400 డాలర్లు కట్టేవాడు. 2020లో అది 500 అయింది. పచ్చిక కోసో, హోటల్లో గిన్నెలు కడిగో ముందే కూడబెట్టుకునే పిల్లలున్నారు. తక్కింది అమ్మానాన్నలో, చర్చివాళ్లో సర్దుతారు.

తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ. ఆ పట్టీ మీద అసలు పేరుండదు. ఇంటిపేరు, దాని ముందు 'ఎల్డర్' అనే మాట. ఎల్డర్ అంటే పెద్ద! పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ రోజు నుంచి పెద్దమనిషి. సినిమాల్లేవు, అమ్మాయిలతో షికార్లు లేవు. పొద్దున ఆరున్నరకు లేవడం, రాత్రి పదిన్నరకు పడుకోవడం. బట్టలుతుక్కోవడానికి, ఉత్తరాలు రాసుకోవడానికి వారంలో ఒక పూట.

అన్నిటికంటే కష్టమైన నియమం ఇంకోటుంది. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లకూడదు. ఎప్పుడూ ఇద్దరే. ఆ రెండోవాణ్ని ఎంచుకునే హక్కు లేదు. అతను గురక పెట్టొచ్చు, మాటకు ముందు అలగొచ్చు. అయినా ఒకే గది, ఒకే వంట, ఒకే దారి. సర్దుకునేసరికి బదిలీ కబురొస్తుంది. కొత్త ఊరు, కొత్త జోడీ. పెళ్లయ్యాక చాలామందికి తెలిసొచ్చే సంగతులు వీళ్లకు పద్దెనిమిదేళ్లకే తెలిసిపోతాయి.

మరి ఇంటి బెంగ? ఉత్తరాలు, ఆ తర్వాత వారానికో ఈమెయిల్. ఫోన్ మాత్రం ఏడాదికి రెండుసార్లే. క్రిస్మస్‌కి ఒకటి, మాతృ దినోత్సవానికి ఒకటి. 2019 ఫిబ్రవరిలో గానీ వారం వారం ఇంటికి ఫోన్ చేసుకునే వీలు కలగలేదు. రోజూ వీడియో కాల్‌లో 'ఏం తిన్నావురా' అని అడిగే మన అమ్మలు ఆ రెండు ఫోన్ల మధ్య ఎలా ఉండేవాళ్లో!

టీ కప్పు దగ్గర తంటా

ఇలాంటి కుర్రాడు తెలుగింటి గడప తొక్కితే మొదటి చిక్కు టీతోనే. మనింట్లో ఎవరొచ్చినా ముందు టీ పెడతాం. వద్దంటే మొహమాటం అనుకుని మళ్లీ అడుగుతాం. ఆ చర్చివాళ్లకు టీ, కాఫీ, మద్యం, పొగాకు అన్నీ నిషిద్ధం. అందుకని ఇంటావిడ మజ్జిగో, నిమ్మరసమో కలిపి తెస్తుంది. భోజనం వేళయితే ఆ మాట వేరే చెప్పాలా? పచ్చడి కలుపుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న తెల్లపిల్లాణ్ని చూసి ఇల్లంతా నవ్వుతుంది. ఆ నవ్వుతో సగం పరాయితనం పోతుంది.

అయితే పెద్ద ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అతను వచ్చింది తన మతం గురించి చెప్పడానికి. ఆ సంగతి అతనికీ తెలుసు, ఇంటివాళ్లకీ తెలుసు. పని పెట్టుకుని వచ్చినవాడి స్నేహం స్నేహమేనా? 'మా నమ్మకం మాకుంది బాబూ' అని ఇంటాయన చెప్పేశాక కూడా అతను మళ్లీ వస్తాడా? వస్తే, మళ్లీ ఆ మాటే ఎత్తుతాడా? తేలాల్సింది అదే.

సమోవా నుంచి హైదరాబాద్‌కు

తెలుగువాళ్ల విషయంలో ఈ మతం మొదటిసారి గట్టిగా వేరూనింది తెల్లకుర్రాళ్ల వల్ల కాదు, రక్తబంధం వల్ల. 1853లోనే రిచర్డ్ బాలంటైన్ అనే మోర్మన్ మిషనరీ యూటాలో ఇల్లూవాకిలీ వదిలి మద్రాసు దాకా వచ్చాడు. ఎక్కువకాలం నిలవలేక మరుసటి ఏడాదే వెళ్లిపోయాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా గడిచాక, పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో పనిచేస్తున్న కీటక శాస్త్రవేత్త ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ అక్కడే ఈ చర్చిలో చేరారు.

హైదరాబాద్‌లోని తమవాళ్ల దగ్గరికి మిషనరీలను పంపమని వాళ్లు అడిగారు. చర్చి ఆ పని వాళ్లకే అప్పగించింది! 1978 డిసెంబరులో దంపతులిద్దరూ సొంత మనుషుల దగ్గరికే మిషనరీలుగా వచ్చారు. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి బాప్టిస్టు బోధకుడు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆయన చేతికొచ్చింది. అందులోని ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో అచ్చయ్యాయి. 2012 మేలో మన దేశంలో ఈ చర్చి మొదటి 'స్టేక్', అంటే కొన్ని సంఘాల కూటమి, ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

ఉండిపోయినవాళ్లు

వరంగల్‌కు మిషనరీలు కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టులు 1879లోనే హన్మకొండలో మిషన్ కేంద్రం తెరిచారు. తర్వాత అక్కడ ఆస్పత్రి కూడా వెలిసింది. 1950ల్లో ఇటలీ నుంచి యువకుడిగా వచ్చిన క్యాథలిక్ ఫాదర్ అగస్టో కొలంబో కుష్ఠు రోగుల కోసం పాటుపడ్డారు. 2009లో ఆయన కన్నుమూశారు. ఇప్పుడు వరంగల్‌లో ఆయన పేరుతో వైద్య కళాశాల ఉంది.

వాళ్లు జీవితకాలం ఉండటానికి వచ్చారు. కాబట్టి వాళ్లేమిటో తేల్చుకోవడానికి ఊరికి బోలెడంత సమయం దొరికింది. చర్చి మెట్లెక్కని వాళ్లు కూడా జ్వరమొస్తే ఆస్పత్రి మెట్లెక్కారు. రెండేళ్ల కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు. ఆస్పత్రి కట్టలేడు, బడి పెట్టలేడు. ఇంటి భాష నాలుగు ముక్కలు వంటబట్టేసరికి తిరుగు టికెట్ చేతికొస్తుంది. అతను వదిలి వెళ్లగలిగింది, పట్టుకెళ్లగలిగింది మనుషుల్నే.

సొంతూళ్లో దిగాక కూడా, స్థానిక చర్చి నాయకుడు ఆ బాధ్యత నుంచి తప్పించేదాకా పేరుపట్టీ తీయడు. తీశాక ఇక అతను 'ఎల్డర్' కాదు. పాత పేరుతో మళ్లీ మామూలు కుర్రాడు. కాలేజీ, ఉద్యోగం, పెళ్లి... జీవితం ముందుకెళ్తుంది. ఇక్కడ నిమ్మరసం కలిపిచ్చిన ఆంటీకి బహుశా అతని అసలు పేరు అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ఫోన్ మోగుతుంది. లెక్క చెప్పాల్సిన పని లేదు, పక్కన జోడీ లేడు, చెప్పాల్సిన పాఠమూ లేదు. 'ఆంటీ, బాగున్నారా?' అని వచ్చీరాని తెలుగులో ఒక్క పలకరింపు. అది స్నేహమో కాదో తేల్చేది ఆ రెండేళ్లు కాదు. ఈ ఒక్క ఫోనే.