సొంత మైదానంలో ఒక్క ఆటా ఆడనివాడు

ఫుట్‌బాల్ గురించి రాయడానికి తెలుగు టీచర్లకేం పని అని మీలో కొందరైనా అనుకుంటారు. జంషెడ్‌పూర్‌కి బదిలీ మీద వచ్చినవాళ్లకి కొన్నాళ్లకి ఆ పని తప్పదు. టాటానగర్ స్టేషన్‌లో దిగి, సామాన్లింకా విప్పకముందే పొరుగువాళ్లు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, బిష్టుపూర్‌లో తెలుగువాళ్ల రామమందిరం చూశారా అని. రెండోది, మ్యాచ్‌కి వస్తారా అని. పదేళ్ల సర్వీసులో ఇది మాకు అయిదో ఊరు. ఇంత త్వరగా ఏ ఊరూ మమ్మల్ని కలుపుకోలేదు.

ఈ ఏడు ఎనిమిదో తరగతి పిల్లల్ని ‘మా ఊరి ఆటగాడు’ అనే అంశం మీద ఒక పేజీ రాయమన్నాం. రాంచీ దగ్గరే కాబట్టి సగంమంది ధోనీని పట్టుకున్నారు. ఒకబ్బాయి మాత్రం గ్రెగ్ స్టీవర్ట్ గురించి రాశాడు. వెనక బెంచీ నుంచి వెంటనే అభ్యంతరం వచ్చింది. “అతను స్కాట్లండ్ వాడు టీచర్. ఒక్క సీజనే ఉన్నాడు. మన స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మన ఊరివాడెలా అవుతాడు?”

అడిగినవాడు చెప్పింది నిజమే. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ మొత్తం కరోనా వల్ల గోవాలోనే జరిగింది. మన జేఆర్డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌ని అభిమానులు ‘ఫర్నేస్’ అంటారు. కొలిమి అన్నమాట. ఆ ఏడు ఆ కొలిమి రాజుకోలేదు. గోవాలో ఖాళీ గ్యాలరీల ముందు జంషెడ్‌పూర్ జట్టు 20 లీగ్ మ్యాచ్‌లు ఆడి, 13 గెలిచి, 43 పాయింట్లతో అందరికన్నా పైన నిలిచింది. 2022 మార్చి 7న ఆఖరి లీగ్ మ్యాచ్‌లో రిత్విక్ దాస్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఏటీకే మోహన్ బగాన్‌ని ఓడించి లీగ్ షీల్డ్ అందుకుంది. 2017లో పుట్టిన క్లబ్బుకి అదే మొదటి షీల్డ్. సెమీఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ చేతిలో ఓడిపోయింది, అది వేరే బాధ. ఆ సీజన్‌లో స్టీవర్ట్ 10 గోల్స్ కొట్టాడు, మరో 10 గోల్స్‌కి బంతి అందించాడు. లీగ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. ఊరు ఊరంతా ఇదంతా టీవీలోనే చూసింది.

అతను ఆడే స్థానాన్ని అటాకింగ్ మిడ్‌ఫీల్డర్ అంటారు. పాతకాలం లెక్కలో పదో నంబరు చొక్కా. ఎదుటి జట్టు మిడ్‌ఫీల్డర్లు ఒక గోడ, డిఫెండర్లు ఇంకో గోడ అనుకోండి. ఆ రెండింటి మధ్య ఉండే సందే ఇతని చోటు. అక్కడ బంతి అందిందంటే చుట్టూ నలుగురు మీదికి వస్తారు. బంతి అందాక ఆలోచిద్దామంటే కుదరదు. అందుకే మంచి పదో నంబరు ఆటగాణ్ని చూడాలంటే బంతిని వదిలేసి అతని తలని చూడాలి. బంతి ఇంకా దూరంగా ఉండగానే కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకుంటాడు. ఎవరెక్కడున్నారో లెక్క వేసుకుంటాడు. పంక్తి భోజనంలో మంచి వడ్డనగాడు ఎవరి విస్తట్లో ఏది అయిపోయిందో వాళ్లు అడక్కముందే చూస్తాడే, అలాగ. స్కోరుబోర్డు మీద మాత్రం తిన్నవాడి పేరే పడుతుంది.

మన దేశంలో ఈ స్థానం గురించి మాకొక బెంగ ఉంది. ఆ సీజన్ నుంచి ఒక జట్టు తరఫున ఒకేసారి మైదానంలో నలుగురు విదేశీయులే ఉండాలన్న నియమం వచ్చింది. ఆ నలుగురిలో ఒకరికి చాలా క్లబ్బులు కట్టబెట్టేది ఈ చోటే. ఆటని నడిపించే పని బయటివాడిది, పరుగెత్తే పని మనవాడిది అయితే మన పిల్లలు ఆ పని ఎప్పుడు నేర్చుకోవాలి?

సరే, స్టీవర్ట్ దగ్గరికి వద్దాం. అతని కెరీర్ చదువుతుంటే మాకు మా సర్వీసు పుస్తకం గుర్తొచ్చి నవ్వొచ్చింది. 1990లో స్టిర్లింగ్‌లో పుట్టాడు. కౌడెన్‌బీత్ అనే చిన్న క్లబ్బులో మొదలై, డండీకి వెళ్లి, అక్కణ్నుంచి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సిటీకి చేరాడు. ఆ క్లబ్బు అతన్ని అబెర్డీన్‌కి లోన్ మీద పంపింది. లోన్ అంటే మన ఇళ్లలో భాషలో డెప్యుటేషన్. 2018-19లో సగం సీజన్ కిల్మార్నాక్‌లో, మిగతా సగం మళ్లీ అబెర్డీన్‌లో గడిచింది. విద్యాసంవత్సరం మధ్యలో బదిలీ అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత రేంజర్స్. పెద్ద క్లబ్బే కానీ ఆడే అవకాశాలు తక్కువ. ముప్పయ్యోపడి దాటాక ఇండియాకి వచ్చాడు. స్కాట్లండ్‌లోనే పుట్టిన కోచ్ ఓవెన్ కోయిల్ అతనికి ఆ సందులో చోటిచ్చి స్వేచ్ఛగా ఆడమన్నాడు. 2021 డిసెంబరులో ఒడిశాని 4-0తో ఓడించిన మ్యాచ్‌లో మూడు గోల్స్ అతనివే.

మరుసటి ఏడాది ముంబై సిటీకి వెళ్లాడు, ఆ జట్టు 2022-23 షీల్డ్ గెలిచింది. 2024 జనవరిలో మళ్లీ కిల్మార్నాక్, పాత ఊరికే పోస్టింగ్. ఆ ఏడే తిరిగి వచ్చి మోహన్ బగాన్‌లో చేరాడు, వాళ్లు 2024-25 షీల్డ్, కప్పు రెండూ గెలిచారు. మూడు ఊళ్లు, మూడు షీల్డులు. ఆ మోహన్ బగానే 2025 సెమీఫైనల్లో మన జంషెడ్‌పూర్‌ని ఇంటికి పంపింది. వెనక బెంచీ వాదనకి ఇది ఇంకో సాక్ష్యం. “చూశారా టీచర్, మనవాడైతే అటు వెళ్తాడా?”

అప్పుడు వ్యాసం రాసిన అబ్బాయి లేచాడు. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేస్తారు. వాడికిది ఆరో బడి. “ఆ సంవత్సరం షీల్డ్ మీద పేరు ఎవరిదుంది? జంషెడ్‌పూర్‌ది. అతను వెళ్లిపోయాక చెరిపేశారా?” అన్నాడు. కాసేపాగి, “పోయిన బడిలో నేను తొమ్మిది నెలలున్నాను. గ్రూప్ ఫొటో తీసేసరికి వచ్చేశాను. అయినా ఆ ఏడు అంతర్ తరగతి కప్పు మా సెక్షనే గెలిచింది” అన్నాడు. తరగతిలో ఎవరూ మాట్లాడలేదు. మాకూ ఏం చెప్పాలో తోచలేదు, ఎందుకంటే మేం పనిచేసిన బళ్లలో రెండింటి గ్రూప్ ఫొటోల్లో మేమూ లేం.

ఈ ఊరికి వచ్చిపోయినవాళ్ల కథ స్టీవర్ట్‌తో మొదలవలేదు. 1987లో ఇక్కడ టాటా ఫుట్‌బాల్ అకాడమీ పెట్టారు. దేశం నలుమూలల నుంచి మీ వయసు పిల్లలు అమ్మానాన్నల్ని వదిలి వచ్చి ఇక్కడ ఉండి ఆట నేర్చుకున్నారు. మీకు బదిలీ అయితే ఇల్లు మీతోపాటు వస్తుంది. వాళ్లకి అదీ లేదు. మణిపూర్ నుంచి అలా వచ్చిన మిడ్‌ఫీల్డర్ రెనెడీ సింగ్ తర్వాత ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటికీ ఆడి, భారత జట్టుకి కెప్టెన్ కూడా అయ్యాడు. 2009 నెహ్రూ కప్ ఫైనల్లో సిరియా మీద అదనపు సమయంలో అతను కొట్టిన ఫ్రీకిక్ నేరుగా గోల్‌లోకి వెళ్లింది. సిరియా స్కోరు సమం చేసినా, చివరికి పెనాల్టీల్లో మనమే గెలిచాం.

నవంబరులో వ్యాసం రాసిన అబ్బాయి వాళ్ల నాన్నకి విశాఖపట్నం ఆర్డర్ వచ్చింది. వాడు మన బడి జట్టులో పదో నంబరు. టోర్నమెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. వెళ్లేలోపు రోజూ సాయంత్రం ఏడో తరగతి పిల్లాడొకణ్ని మైదానం మధ్యలో నిలబెట్టి, వెనకనుంచి బంతి వేసేముందు “చూడు, చూడు” అని అరిచేవాడు. ఆ పిల్లాడు తల ఇటూ అటూ తిప్పి చూసేవాడు. మొదట్లో నాటకంలో పాత్రధారిలా తిప్పాడు, తర్వాత నిజంగానే చూడ్డం మొదలుపెట్టాడు. అభ్యంతరం చెప్పిన వెనక బెంచీవాడే వాళ్లకి గోల్‌కీపరు.

జట్టు రెండో రౌండులో ఓడింది. మనం కొట్టిన ఒక్క గోల్‌కీ బంతి అందించింది ఆ ఏడో తరగతి పిల్లాడే. ఆ సంగతి విశాఖకి ఫోన్ చేసి చెప్పాం. అవతల వాడు మొదట అడిగింది, బంతి వచ్చేముందు వెనక్కి చూశాడా లేదా అని.