మిసెస్ ఎస్

థీసిస్ నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయిన ఆ ఏడాది నాకు బాగా గుర్తుంది. చదివిన పేరానే మళ్లీ చదివేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ తెలిసిన పదం కోసం తడుముకునేదాన్ని. జుట్టు గుప్పెళ్లుగా ఊడేది. గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలో కూడా ఫాను వద్దనిపించేది. “పెళ్లయ్యాక అమ్మాయిలకి చదువు మీద శ్రద్ధ తగ్గడం మామూలే” అన్నారు సెమినార్ హాలు బయట ఒక పెద్దాయన. ఇంట్లో ఒళ్లొచ్చిందన్నారు, బద్ధకమన్నారు. నిజానికి ఆ మాట అందరికంటే ముందు నన్ను నేనే అనుకున్నాను.

చివరికి రక్తపరీక్షలో తేలింది, థైరాయిడ్ పనిచేయడం లేదని. అప్పట్నుంచీ రోజూ పరగడుపున ఒక చిన్న తెల్లమాత్ర. నెలలు గడిచాక పదాలు తిరిగొచ్చాయి, అధ్యాయం పూర్తయింది. ఈ మాత్ర ఫ్యాక్టరీలో తయారుకాక ముందు నాలాంటివాళ్లు ఏం చేసేవారోనని వెతకడం మొదలుపెట్టాను. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, ఏ విషయమైనా దాని పాత కాగితాల దగ్గరికి వెళితే గానీ తృప్తి ఉండదు.

ఆ కాగితాల్లో ముందు ఎదురైంది ఒక మగవాడి శక్తి కథ. 1889 జూన్ 1న పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే డెబ్భై రెండేళ్ల ప్రసిద్ధ శాస్త్రవేత్త కుక్కల, గినీపిగ్‌ల వృషణాల నుంచి తీసిన రసం తనకు తనే ఎక్కించుకున్నానని ప్రకటించాడు. బలం తిరిగొచ్చిందన్నాడు, మెట్లు గబగబా ఎక్కగలుగుతున్నానన్నాడు. మూత్రధార ఎంత దూరం పడుతోందో కూడా కొలిచి చెప్పాడు (శాస్త్రం పేరున చెబితే ఏదీ సిగ్గుచేటు కాదు). పత్రికలు హోరెత్తించాయి. నిజానికి ఆ రసంలో పనిచేసే పదార్థం దాదాపు లేదు. వృషణాలు హార్మోన్‌ను నిల్వచేసుకోవు, తయారైంది తయారైనట్టు రక్తంలోకి పంపేస్తాయి. అది నీళ్లలో సరిగా కరగదు కూడా.

థైరాయిడ్ అలా కాదు. తన హార్మోన్‌ను తనలోనే దాచుకుంటుంది. గొర్రెదైనా సరే, మనిషికి పనికొస్తుంది. ఈ సంగతి బయటపడింది రెండేళ్ల తర్వాత, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, నలభై ఆరేళ్ల గృహిణి ఒంట్లో. జార్జ్ ముర్రే అనే యువ డాక్టర్ రాసిన చిన్న నోట్‌లో ఆమె పేరు మిసెస్ ఎస్. అప్పుడే కోసిన గొర్రె గ్రంథిని ముక్కలు చేసి, గ్లిజరిన్‌లో, కార్బాలిక్ ఆసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, మరిగించిన రుమాల్లో వేసి పిండి, ఆ రసాన్ని ఆమె వీపులో, భుజం ఎముకల మధ్య సూదితో ఎక్కించాడు. మా ఇళ్లల్లో చింతపండు పిసికి గుడ్డలో వడకట్టినంత మామూలుగా ఉంటుంది ఆ వర్ణన.

తర్వాతి వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముఖం వాపు తగ్గింది. మాట వేగం పెరిగింది, జ్ఞాపకశక్తి మెరుగైంది. ఇంటిపని చేయడానికి మునుపటంత ప్రయాస పడడం లేదు. వీధిలో ఎవరి తోడూ లేకుండా, సంకోచం లేకుండా నడుస్తోంది. నెలసరి మళ్లీ మొదలైంది. ఇవీ ఆ డాక్టరు గుర్తుపెట్టిన లక్షణాలు. ఆడమనిషి బాగుపడిందనడానికి కొలత ఇంటిపనేనా అని మొదట కోపం వచ్చింది. కానీ ఒంటరిగా వీధిలోకి వెళ్లడం అన్న మాట ఆయన సొంతంగా ఊహించి రాసింది కాదేమో. ఆమే చెప్పి ఉంటుంది. అంతకుముందు ఎన్నాళ్లు భయపడిందో, ఉబ్బిన ముఖాన్ని జనం ఎలా చూసేవారో ఆ నోట్‌లో లేదు. రోగి పేరు దాచడం వైద్యుడి మర్యాద, దాన్ని తప్పుపట్టను. ఆమె మాట కూడా పేరుతోపాటే పోవడమే బాధ.

1873లో విలియం గల్ ఈ జబ్బును వర్ణించినప్పుడు వ్యాసం శీర్షికలోనే ‘స్త్రీలలో’ అని పెట్టాడు. మందకొడితనం, బొంగురుగొంతు, చలి, నిరాసక్తత. మన భాషలో వీటికి వైద్యపదాలు అవసరమే లేదు. మొద్దు, మొండి, సోమరి, దున్నపోతు. తిట్లుగా ఎప్పట్నుంచో ఉన్నాయి.

ముర్రే 1920లో మళ్లీ ఆమె గురించి రాశాడు. ఆ పాటికి ఆమె లేదు. 1919లో, డెబ్భై నాలుగేళ్ల వయసులో గుండెజబ్బుతో చనిపోయింది. వైద్యం మొదలయ్యాక ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. కొన్నాళ్లకే సూది పోయి, నోటితో తాగే మందు వచ్చింది. మొత్తం తొమ్మిది పైంట్లకు పైగా, అంటే సుమారు అయిదు లీటర్లు. 870కి పైగా గొర్రెల గ్రంథుల నుంచి తీసింది. గొర్రెల లెక్క ఉంది. ఆ ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె ఏం చేసిందో లేదు.

ఇది చదివిన రాత్రి అమ్మమ్మ ఫోటో తీశాను. ఉబ్బిన కనురెప్పలు, పల్చబడిన కనుబొమలు. వైశాఖంలో కూడా దుప్పటి కప్పుకుని వసారాలో కూర్చునేది. పిలిస్తే కాసేపాగి పలికేది, అదీ మగగొంతులా. ఫోటో చూసి జబ్బు పేరు చెప్పకూడదని నాకు తెలుసు. అయినా అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మ అంతా విని, “ఆ మందు అప్పటికి లేదేమోలే” అంది.

ఉందమ్మా, అమ్మమ్మ పుట్టకముందే ఉంది, ఎండబెట్టిన గ్రంథి పొడితో మాత్రలు కూడా చేసేవాళ్లు అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు.

“మీ తాతగారు ఆవిణ్ని మొద్దూ అనే పిలిచేవారు” అంది చివరికి. “మేమూ నవ్వేవాళ్లం.”