చుక్క దించని ఇల్లు

సినిమా పత్రికలో 'తార' అనగానే పాఠకుల కళ్లు బొమ్మల పేజీ వైపు పరుగెడతాయి. కాస్త ఆగండి! నేను చెప్పబోయే తార ఏ స్టూడియోలోనూ పుట్టింది కాదు. క్రిస్మస్‌కు ఇంటి ముందు కట్టే కాగితపు చుక్క. డిసెంబర్ 25 దాటగానే దాని పని అయిపోయిందనుకుంటాం. అసలు పని జనవరి 6న ఉంది.

ఆ రోజు పేరు ఎపిఫనీ. గ్రీకు మాట. కనబడటం, వెల్లడి కావటం అని అర్థం. మనవాళ్లు ప్రత్యక్షత పండుగ అనీ, కథోలికులు సాక్షాత్కార పండుగ అనీ అంటారు. నక్షత్రం వెంట తూర్పు దేశపు జ్ఞానులు వచ్చి బాలయేసుకు బంగారం, సాంబ్రాణి, బోళం సమర్పించారని కథ. 'ముగ్గురు రాజులు' అని వాడుకే గానీ, మత్తయి సువార్తలో ముగ్గురనీ లేదు, రాజులనీ లేదు. కానుకలు మూడు గనక మనుషులూ ముగ్గురయ్యారు! అసలు విశేషమేమిటంటే, వెతుక్కుంటూ వచ్చినవాళ్లు పరాయి దేశస్థులు, పరాయి మతస్థులు. అన్నట్టు, 1978లో వచ్చిన 'కరుణామయుడు'లో విజయచందర్‌ని చూసి కంటతడి పెట్టినవాళ్లంతా క్రైస్తవులేనా?

ఈ పండుగ చూద్దామనే జనవరి మొదటి వారంలో కరీంనగర్‌లో దిగాను. వెస్లియన్ మిషనరీలు ఇక్కడ నాటిన సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. 1978లో కరీంనగర్ విడిగా డయాసిస్ అయింది. జనవరి 6 సెలవు రోజు కాదు గనక బజారులో సందడేమీ లేదు. చాలా ఇళ్ల ముందు చుక్కలు దిగిపోయాయి. ఒక్క పెంకుటింటి ముందు మాత్రం ఇంకా వెలుగుతోంది. అరుగు మీద ఒక ముసలమ్మ.

“పండుగ అయిపోయింది గదా అవ్వా, చుక్క ఇంకా దించలేదేం?”

“జ్ఞానులు ఇంక తొవ్వల్నే ఉన్నరు బిడ్డా. ఇప్పుడే దీపం తీస్తె వాళ్లకు ఇల్లెట్ల దొరుకుతది?” అని నవ్వింది. కాసేపాగి, “మా చిన్నోడు మస్కట్‌ల ఉన్నడు. ఈ క్రిస్మస్‌కూ సెలవియ్యలేదట. వాడొచ్చేదాంక ఉంచాలనే ఉంటది గని, ఆరో తారీఖు దించాలె గదా” అంది.

బంగారం పట్టుకుని పడమటికి నడిచినవాళ్ల కథ అది. బతుకుతెరువు కోసం పడమటికి బిడ్డల్ని పంపిన జిల్లా ఇది. నాకు మాట పెగల్లేదు.

మర్నాడు పెద్దపల్లి, గోదావరిఖని మీదుగా గోదావరి వంతెన దాటి మంచిర్యాల చేరాను. 2016 దాకా ఇది ఆదిలాబాద్ జిల్లాయే. 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ కథోలిక మేత్రాసనానికి కేంద్రం ఇక్కడే. ఇది కేరళ నుంచి వచ్చిన సీరో మలబార్ సంప్రదాయం. వీళ్లకూ జనవరి 6 పండుగే, కానీ కథ వేరు! పేరు దనహా. సిరియాక్ భాషలో ఉదయించటమని అర్థం. యొర్దాను నదిలో యేసు బాప్తిస్మం పొంది లోకానికి వెల్లడైన రోజుగా తలుస్తారు. కేరళలోనైతే అరటిబోదె నాటి, దాని చుట్టూ దీపాలు గుచ్చి వెలిగిస్తారు. గోదావరికి అటు చుక్క, ఇటు నీళ్లు. తేదీ మాత్రం ఒకటే.

నీళ్లంటే ఇంకో సంగతి. మంచిర్యాల నుంచి ఉట్నూరు దారిలో జన్నారం వస్తుంది. ఆ దగ్గర కలమడుగులో, హస్తినమడుగు దగ్గర మెస్రం వంశపు గోండులు గోదావరి జలం ముంచుకుని, కాలినడకన ఇంద్రవెల్లి పక్కనున్న కేస్లాపూర్‌కు మోసుకెళ్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు మహాపూజ. ఆ జాతరలోనే వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు.

ఆ దేవుడు వేరు, ఈ దేవుడు వేరు. రెంటికీ చుట్టరికం కలపబోవటం లేదు. కానీ పుష్యమాసపు చలిలో దేవుణ్ణి వెతుక్కుంటూ నడిచి వెళ్లటం ఇక్కడివాళ్లకు ఎవరో వచ్చి నేర్పాల్సిన సంగతి కాదు. కరీంనగర్ అవ్వకు జ్ఞానులు ఇంకా తొవ్వలోనే ఉన్నారని అంత గట్టిగా తెలియటంలో ఆశ్చర్యమేముంది!